ప్రాగ్ పోటీలు, మన పిల్లల ప్రయాణాలు

వేదిక మీదున్న పెద్దలకూ, ఎండలో నుంచున్న తల్లిదండ్రులకూ నమస్కారం. పెద్దల పేర్లు మళ్ళీ చదవను. యాంకరమ్మ ఇప్పటికే రెండుసార్లు చదివింది, మూడోసారి కూడా చదివేలా ఉంది.

స్కేటింగ్ చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. చరిత్ర మొత్తం నావల్ల కాదు, మీవల్లా కాదు. ఒక్క పోటీ గురించి చెబుతాను. 1962లో చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీలు. నిజానికి అవి అక్కడే 1961లో జరగాలి. ఎందుకు జరగలేదో చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను. కానీ పిల్లలు ముందు కూర్చున్నారు కాబట్టి వాళ్ళ ముక్క ముందు చెప్పేస్తాను.

కెనడా కుర్రాడు డొనాల్డ్ జాక్సన్. ఇరవై ఒక్కేళ్ళు. ఎదుట కరోల్ దివీన్, సొంత దేశంలో ఆడుతున్నవాడు. ఆ రోజుల్లో అరవై శాతం మార్కులు కంపల్సరీ ఫిగర్స్‌కే. మన రోలర్ స్కేటింగ్ రింకులో నేల మీద పెయింటు గీతల మీద తిరుగుతారే, అదే. మంచు మీద ఆ గీత కూడా ఉండదు. ఒంటికాలి మీద సున్నాలూ ఎనిమిదులూ ఎవరికి వాళ్ళే గీయాలి, మళ్ళీ అదే గీత మీద నడవాలి. జడ్జీలు వంగి మరీ చూస్తారు, గీత ఎక్కడ పక్కకి పోయిందా అని. అందులో దివీన్ బాగా ముందుకెళ్ళిపోయాడు. జాక్సన్ పని అయిపోయిందనుకున్నారు.

తర్వాత ఫ్రీ స్కేటింగ్, అంటే పాటకి గెంతులూ తిరుగుళ్ళూ వేసే భాగం. అందులో జాక్సన్ ట్రిపుల్ లట్జ్ అనే గెంతు వేశాడు. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ పోటీలో వేయనిది. లట్జ్ అంటే ఏంటో వెనక బెంచీవాళ్ళు చెప్పండి. ఆ, ఎడమకాలి బ్లేడు బయటి అంచు మీద వెనక్కి జారుతూ రావాలి. ఒళ్ళు ఒకవైపు వంపు తిరుగుతూ ఉంటుంది. కుడికాలి ముందున్న పళ్ళు మంచులో గుచ్చి, ఆ వంపుకి ఎదురుదిక్కున పైకి లేవాలి. మన చక్రాల బూట్లకైతే పళ్ళుండవు, ముందు టో స్టాపర్ అనే రబ్బరు ముక్క ఉంటుంది. ఒళ్ళు ఒకటి చెబుతుంటే మనం ఇంకోటి చేయాలి, అదీ అందులో కష్టం. ఒక్క చుట్టుకే మనవాళ్ళు ఆఖరి క్షణంలో లోపలి అంచు మీదకి పడిపోతారు. జాక్సన్ మూడు చుట్లు తిరిగి దిగాడు. జడ్జీలు ఇచ్చిన మార్కుల్లో ఏడు సిక్స్‌లు, అంటే పూర్తి మార్కులు. బంగారు పతకం కెనడాకి పోయింది, దివీన్‌కి వెండి. చప్పట్లు కొట్టొచ్చు, అరవై ఏళ్ళు దాటినా తప్పులేదు.

జంటల విభాగంలో గెలిచిన ఓటో, మారియా యెలినెక్‌లు అన్నాచెల్లెళ్ళు. పుట్టింది ప్రాగ్‌లోనే. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక ఆ కుటుంబం దేశం దాటి, చివరికి కెనడా చేరింది. పద్నాలుగేళ్ళ తర్వాత అదే ఊరికి పోటీకి వెళ్ళాలి. వెళ్తే మా పౌరులే మీరు అని పట్టుకుని ఉంచేస్తే? అందుకని చెక్ ప్రభుత్వం వాళ్ళని పౌరసత్వం నుంచి విడుదల చేశాకే బయల్దేరారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లలు ఎలా వెళ్తారు, ఎలా తిరిగొస్తారు అని పెద్దవాళ్ళు ముందే కూర్చుని ఆలోచించారు.

ఇప్పుడు 1961కి వస్తాను.

ఫిబ్రవరి 14 రాత్రి న్యూయార్క్‌లో అమెరికా జట్టు సబీనా కంపెనీ బోయింగ్ 707 ఎక్కింది. బ్రస్సెల్స్‌లో దిగి ప్రాగ్ వెళ్ళాలి. మర్నాడు పొద్దున బ్రస్సెల్స్ విమానాశ్రయం దగ్గర్లో, బెర్గ్ అనే పల్లె పొలాల్లో విమానం కూలిపోయింది. లోపలున్న 72 మందీ పోయారు. కింద పొలంలో పనిచేసుకుంటున్న ఒక రైతు కూడా పోయాడు. ఆ 72 మందిలో 18 మంది స్కేటర్లు. కోచ్‌లు, జడ్జీలు, వెంట వెళ్ళిన ఇంటివాళ్ళు కలిపితే ఇంకో 16 మంది. కారణం ఇదీ అని చివరిదాకా ఖాయంగా తేలలేదు.

లారెన్స్ ఓవెన్‌కి పదహారేళ్ళు. ఆ వారం ఒక పెద్ద క్రీడా పత్రిక ముఖచిత్రం ఆ పిల్లే. వెంట అక్క మారిబెల్, జంటల్లో జాతీయ ఛాంపియన్. వాళ్ళమ్మ మారిబెల్ విన్సన్ ఓవెన్, తొమ్మిదిసార్లు అమెరికా ఛాంపియన్, ఇద్దరికీ కోచ్ కూడా. ముగ్గురూ ఒకే విమానంలో. ఇంట్లో మిగిలింది అమ్మమ్మ ఒక్కతే.

ఆ ఏడాది ప్రపంచ పోటీలు రద్దు చేశారు. పతకాలు పోతే మళ్ళీ వస్తాయండీ. కోచ్‌లు పోతే? పై మెట్టు మీదున్నవాళ్ళూ, వాళ్ళకి నేర్పేవాళ్ళూ ఒకేసారి పోయారు. అమెరికా పిల్ల పెగీ ఫ్లెమింగ్‌కి అప్పుడు పన్నెండేళ్ళు, ఆమె కోచ్ బిల్ కిప్ ఆ విమానంలోనే ఉన్నాడు. బ్రిటన్ నుంచి జాన్ నిక్స్ లాంటివాళ్ళు వచ్చి పిల్లల్ని చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. ఒకసారి రిటైరై, తల్లి కూడా అయిన అమెరికా స్కేటర్ బార్బరా రోల్స్ మళ్ళీ బూట్లు కట్టుకుని 1962 ప్రాగ్‌కి వెళ్ళింది. పోయినవాళ్ళ పేరు మీద ఒక నిధి పెట్టి ఎదిగే పిల్లలకి సాయం చేశారు. పెగీ 1968లో ఒలింపిక్ బంగారం గెలిచింది. ఏడేళ్ళు పట్టింది.

ఇంకో పని కూడా చేశారు. అంతర్జాతీయ పోటీకి వెళ్ళేటప్పుడు జట్టు మొత్తం ఒకే విమానంలో వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నారు. ఇదండీ నేను చెప్పదలుచుకున్నది. మిగతాదంతా దీనికోసమే.

మనవాళ్ళు ఎలా వెళ్తున్నారు? సెక్రటరీ గారూ, వాచీ తర్వాత చూసుకుందురు గాని. కొన్నేళ్ళ కింద ఒక రాష్ట్ర స్థాయి మీట్‌కి నేను పిల్లలతో వెళ్ళాను. ఏ సంఘం పంపింది, ఎవరు పంపారు అని అడగొద్దు, నాకు కావాల్సింది వాళ్ళ పరువు తీయడం కాదు. రైలు టికెట్లు ముందే తీయమన్నాను. బడ్జెట్ లేదు మాస్టారూ అన్నారు. ఎనిమిదిమంది పట్టే బండిలో పద్నాలుగుమందిని ఉల్లిపాయ బస్తాల్లా కుదించారు. కిట్ బ్యాగులు పైన తాళ్ళతో కట్టారు. రాత్రి పదింటికి బయల్దేరాం. డ్రైవర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం బాబూ పడుకున్నావా అంటే, నిన్నటినుంచి బండి మీదే ఉన్నాను సార్, రేపు ఇంకో ట్రిప్పుంది అన్నాడు. తుని దాటాక కునుకు తీశాడు. బండి డివైడర్ ఎక్కింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. ఒక ఆడపిల్ల మణికట్టు విరిగింది. లట్జ్ అంచు తప్పకుండా వేయగల పిల్ల. మళ్ళీ రింకులోకి రాలేదు. వాళ్ళ నాన్న నాకు కనబడితే ఇప్పటికీ మాట్లాడతాడు గానీ, స్కేటింగ్ మాట ఎత్తడు.

అదే మీట్‌లో గేటు దగ్గర ఎంత పెద్ద ఫ్లెక్సీలు! ఒక్కో ముఖం ఆరడుగులు. రైలు టికెట్లకి లేని బడ్జెట్ వాటికి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇవాళ ఇక్కడ కూడా నాలుగున్నాయి. ఒకదాంట్లో నేనున్నాను, దాన్ని రేపట్నుంచి వేయకండి.

అమ్మలూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. బూట్లు ఏ కంపెనీవి, చక్రాలు ఎంత గట్టివి, డ్రెస్సు మీద రాళ్ళు ఎన్ని అని కోచ్‌ని అన్నీ అడుగుతారు. బండి ఏది, డ్రైవర్ ఎవరు, రాత్రి ప్రయాణమా, ఆడపిల్లల వెంట ఆడమనిషి ఉందా అని ఎంతమంది అడిగారు? అడిగితే ఎంపికలో పేరు తీసేస్తారని భయం. ఆ భయం నాకు తెలుసు. అందుకే ఒక్కరు కాదు, అందరూ కలిసి అడగండి.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. రైలు దొరికే ఊరికి రైల్లోనే పంపాలి. బండి తప్పకపోతే పగలు వెళ్ళాలి, సీట్లకి మించి ఒక్క పిల్లని కూడా ఎక్కించకూడదు, జట్టుని కనీసం రెండు బళ్ళలో పంపాలి. డబ్బు చాలకపోతే ఈ ఏడాది మెమెంటోలు మానేయండి. ఇందాక నాకు ఇచ్చినది కూడా వెనక్కి తీసుకోండి, ఇదిగో టేబుల్ మీద పెడుతున్నాను.

సెక్రటరీ గారు తల ఊపుతున్నారు. సంతోషం. తల ఊపితే మినిట్స్ బుక్కులోకి ఎక్కదు కదా సార్. పెన్ను నా దగ్గరుంది. బుక్కు తెప్పించండి, ఈ నాలుగు ముక్కలూ రాసి సంతకం పెట్టాక బహుమతులు మొదలుపెడదాం.