అడుగుకి ఒక నానోసెకను: 40 మీటర్ల లేజర్ మీటర్ రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు బల్ల మీద ఉన్నది 40 మీటర్ల లేజర్ మీటర్. హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికే రకం. కంపెనీ పేరు చెప్పట్లేదు. ఈ ధరలో వచ్చేవి దాదాపు అన్నీ లోపల ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, తప్పేది కూడా ఒకే రకం చోట్ల. ఆ చోట్లు తెలిస్తే ఏది కొన్నా పని జరుగుతుంది.

టేపు పొడవుని పొడవుతోనే కొలుస్తుంది. ఈ పెట్టె కొలిచేది టైముని. ఎర్రచుక్క గోడ మీద పడి, ఆ వెలుగు తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూసి, దాన్ని అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. కాంతి శూన్యంలో సెకనుకి 29,97,92,458 మీటర్లు పోతుంది. ఈ అంకెకి దశాంశాలు లేవు, గమనించండి. 1983 నుంచి మీటరు అనే కొలతనే దీంతో కట్టేశారు. కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. సెకను ఎట్టా వచ్చిందంటే, సీజియం పరమాణువు నుంచి వచ్చే ఒక తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగే కాలం. అంటే పొడవుకి పునాది టైమే.

మన మేస్త్రీలకి పనికొచ్చే లెక్క ఒకటుంది. కాంతి ఒక అడుగు పోవడానికి పట్టే టైము దాదాపు ఒక నానోసెకను, సెకనులో వంద కోట్ల వంతు. 12 అడుగుల గదిలో పోను 12, రాను 12, మొత్తం 24 నానోసెకన్లు. ఇంతవరకు బాగానే ఉంది. మిల్లీమీటరు తేడా పట్టాలంటే మాత్రం 6.7 పికోసెకన్లు తెలియాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. మూడు వేల రూపాయల పెట్టెలో అంత గడియారం ఎక్కడిది?

అందుకే చిన్న ఉపాయం చేస్తారు. లేజర్ వెలుగుని సెకనుకి కోట్ల సార్లు ఎక్కువ తక్కువ చేస్తూ పంపుతారు. పది కోట్ల సార్లు అనుకోండి, ఒక అలకి 3 మీటర్ల పొడవు. పోయి రావాలి కాబట్టి ప్రతి మీటరున్నరకి అదే అల మళ్ళీ మొదలవుతుంది. వెళ్ళిన అలకి, వచ్చిన అలకి మధ్య జరుగుబాటు ఎంతో చూస్తారు. అలలో వెయ్యో వంతు పట్టగలిగితే మీటరున్నరలో వెయ్యో వంతు, మిల్లీమీటరున్నర దొరికినట్టే. ఇంతకీ అది ఎన్నో అల? దానికి ఇంకో రెండు మూడు వేగాల్లో కూడా పంపి చూస్తారు. గడియారంలో నిమిషాల ముల్లు సన్నగా చెబుతుంది, ఏ గంటో గంటల ముల్లు చెబుతుంది. ఇదీ అట్టాగే. బటన్ నొక్కాక అర సెకను ఆగి రీడింగ్ రావడానికి కారణం ఇదే. ఆ అర సెకనులో చెయ్యి కదిపితే ఎర్రర్ చూపిస్తుంది.

ఇక పొడవు, వెడల్పు, ఎత్తు. ఏరియా బటన్ నొక్కి రెండు కొలతలు తీస్తే గుణించి ఇస్తుంది, వాల్యూమ్‌కి మూడు. అంకణం బటన్ మాత్రం ఉండదు. నెల్లూరు లెక్కన అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి, వచ్చిన చదరపు అడుగుల్ని 72తో భాగించుకోండి. అంకణాన్ని 36 చదరపు అడుగులుగా లెక్కేసే చోట్లూ ఉన్నాయి, బేరం ముందే అడిగి తెలుసుకోండి. 36 బై 60 స్థలం మన లెక్కలో 30 అంకణాలు.

ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతుంది. మూలలు మట్టానికి ఉన్నాయో లేదో పెట్టెకి తెలీదు, ఊరికే గుణిస్తుంది. ఐమూలలు రెండూ కొలవండి. 36 బై 60కి ఐమూల 70 అడుగులకి అరంగుళం లోపే తగ్గాలి. రెండు ఐమూలలూ సమానంగా రాకపోతే స్థలాన్ని రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్క కట్టాలి.

వంకరగా పట్టుకుంటే? 10 మీటర్ల దూరంలో చుక్క 10 సెంటీమీటర్లు పక్కకి పడితే తేడా అర మిల్లీమీటరే. అరమీటరు పక్కకి పోతే 12 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే. అందుకే గోడ నుంచి గోడకి కొలిచేటప్పుడు మిన్ మోడ్ పెట్టి అటూ ఇటూ ఆడించండి, అన్నిటికంటే తక్కువ వచ్చిందే సరైనది. ఐమూలకి మాక్స్ మోడ్.

ఎండల్లో దీని మీద నమ్మకం ఉండొచ్చా? నిజానికి ఈ విషయంలో స్టీలు టేపు కంటే ఇదే మేలు. 20 డిగ్రీలు వేడెక్కితే 30 మీటర్ల స్టీలు టేపు దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే వేడికి గాలిలో కాంతి వేగం మారడం వల్ల 30 మీటర్లకి వచ్చే తేడా ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. ఎండలో అసలు సమస్య చుక్క కనపడకపోవడం. ఇది ఒక మిల్లీవాటు లోపు లేజరు, సూర్యుడి ముందు తేలిపోతుంది. మిట్ట మధ్యాహ్నం 40 మీటర్లు ఆశించొద్దు. తెల్లవారగానే గానీ, పొద్దు వాలాక గానీ కొలవండి, అవతల తెల్ల అట్ట పెట్టండి. ఎకరం రొయ్యల గుంట చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు, అంటే ఒక్క దెబ్బలో అయ్యే పని కాదు. గట్టు మీద మధ్యలో గుర్తు పెట్టుకుని రెండు ముక్కలుగా తీయాలి.

గుంటలో నీళ్ళ లోతు మాత్రం దీంతో చూడొద్దు. నీళ్ళలో కాంతి నెమ్మదిస్తుంది, అదే దూరానికి గాలిలో కంటే మూడో వంతు ఎక్కువ టైము తీసుకుంటుంది, పెట్టె మాత్రం గాలి లెక్కే వేస్తుంది. అడుగు కనిపించేంత తేట నీళ్ళయినా మీటరు లోతుని 1.33 మీటర్లని చూపిస్తుంది. బురద నీళ్ళలో ఏదీ రాదు. కిటికీ అద్దం గుండా కొలిచినా అంతే, 5 మిల్లీమీటర్ల అద్దం రెండున్నర మిల్లీమీటర్లు కలిపేస్తుంది.

చీమకుర్తి వాళ్ళకి ఇది ముఖ్యం. పాలిష్ చేసిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక నల్లగా ఉండి వెలుగుని మింగుతుంది, నున్నగా ఉండి మిగిలింది అద్దంలా పక్కకి కొడుతుంది. చుక్క ఏటవాలుగా పడితే పలక దూరం బదులు అందులో ప్రతిబింబించిన గోడ దూరం రావచ్చు. మాస్కింగ్ టేపు చిన్న ముక్క అంటించి దాని మీద కొట్టండి, అంతే చాలు.

కోసిన దిమ్మె బరువు అంచనాకి కూడా ఇదే కొలత వాడతారు కదా. రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మె తీసుకోండి. ఘనపు మీటరుకి సుమారు 3 టన్నులు వేస్తే దాదాపు 17 టన్నులు. పొడవులో సెంటీమీటరు తప్పితే 67 కేజీలు అటో ఇటో. కాంతి లెక్కలో ఆ సెంటీమీటరు పోను రాను సుమారు 67 పికోసెకన్లు. రెండు చోట్లా 67 రావడం కాకతాళీయమే, కానీ గుర్తుండిపోతుంది.

ద్రవ్యరాశికీ కాంతికీ సంబంధం ఇంకా లోతుగా ఉంది. 2019 మే 20 దాకా కిలో అంటే పారిస్ దగ్గర దాచిన ప్లాటినం ఇరిడియం దిమ్మ. ఆ రోజు నుంచి, కాంతి శక్తినీ అది ఊగే వేగాన్నీ కలిపే ప్లాంక్ స్థిరాంకం విలువని ఖాయం చేసి, సెకను, మీటరుతో కలిపి కిలోని తేల్చారు. ఇక ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సంగతి, శక్తి పోతే ద్రవ్యరాశి కూడా పోతుంది. ఈ పెట్టెలో రెండు సన్న బ్యాటరీల్లో ఉండే శక్తి సుమారు 10,800 జౌళ్ళు. కాంతి వేగంతో రెండుసార్లు భాగిస్తే గ్రాములో వెయ్యి కోట్ల వంతుకి కాస్త ఎక్కువ. బ్యాటరీ అయిపోయేలోగా అంత ద్రవ్యరాశి తగ్గుతుంది. ఏ త్రాసుకీ అందదు, కానీ తగ్గడం నిజం.

ఫోన్‌లో జీపీఎస్ యాప్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. జీపీఎస్ కూడా ఉపగ్రహాల నుంచి కాంతి వేగంతో వచ్చే రేడియో సంకేతాల టైమునే చూస్తుంది. ఆ ఉపగ్రహాలుండే 20,200 కిలోమీటర్ల ఎత్తున భూమి ద్రవ్యరాశి పట్టు తక్కువ కాబట్టి, అక్కడి గడియారం రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది. ఉపగ్రహం వేగం వల్ల 7 వెనక్కి. నికరంగా 38. దీన్ని సరిదిద్దకపోతే కాంతి దూరంలో రోజుకి 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన మన శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 అనే మన నావిగేషన్ ఉపగ్రహంలో మన దేశంలోనే చేసిన రుబీడియం గడియారం పెట్టి పంపారు. ఇంత చేసినా ఫోన్‌లో మూడు నాలుగు మీటర్ల తేడా మామూలే, అంటే పది నానోసెకన్ల పైన. పది ఎకరాల చెరువుకి ఫోన్ చాలు. ఇంటి స్థలానికి, దిమ్మెకి, టైల్స్‌కి ఈ పెట్టే కావాలి.

కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. ముందుగా కొలత వెనక అంచు నుంచా, ముందు అంచు నుంచా అనేది తెర మీద చూసుకోండి. ఇది మర్చిపోతే పెట్టె పొడవంత తప్పు వస్తుంది. తర్వాత నేల మీద ఒకే గీతలో రెండు గుర్తులు పెట్టండి, గోడ నుంచి 5 మీటర్లకొకటి, 10 మీటర్లకొకటి చాలు. మొత్తం 10 మీటర్లు ఒకసారి కొలవండి. 5 మీటర్ల గుర్తు దగ్గర అట్ట నిలబెట్టి రెండు ముక్కలూ విడిగా కొలిచి కలపండి. మొత్తానికీ, కూడికకీ ఉన్న తేడానే మీ పెట్టె జీరో తప్పు. 3 మిల్లీమీటర్లు దాటితే అదే రోజు షాపుకి తిరిగిచ్చేయండి.