జారే బట్టతో వదులు టాప్ కుట్టడం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి చీర జాకెట్టు కుట్టడం వచ్చు. అది ఒంటికి పట్టేలా కుట్టే పని. ఇవాళ మాట్లాడుకునేది దానికి సరిగ్గా ఎదురు పని: రేయాన్, విస్కోస్ క్రేప్, జార్జెట్ లాంటి జారుడు బట్టతో నడుం దిగువదాకా వచ్చే వదులు టాప్. జాకెట్లు చక్కగా కుట్టేవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. కాటన్‌కి అలవాటైన చెయ్యి బట్టను లాగి పట్టుకుంటుంది. ఈ బట్టను లాగితే సాగుతుంది, సాగినట్టే కుట్టులో ఉండిపోతుంది. అయితే టాప్ చెడేది మెషీను మీదే అనుకోకండి. సగానికి పైగా అంతకుముందే, కత్తిరించే బల్ల మీదే చెడుతుంది.

ముందు బట్ట సంగతి. మద్రాసులో గోడౌన్ స్ట్రీట్ బట్టల బజారులో కొన్నా, టి. నగర్‌లో కొన్నా, లేబుల్ కన్నా చేతినే నమ్మండి. బట్ట కొసను వేళ్లతో ఎత్తి వదిలితే మెత్తగా కిందికి జారాలి, గొడుగులా విచ్చుకుని నిలబడకూడదు. తర్వాత రెండు బొటనవేళ్లూ దగ్గరగా పెట్టి బట్టను పక్కలకి గట్టిగా లాగండి. పోగులు విడిపోయి సందు కనిపిస్తే ఆ బట్ట వద్దు, చంక దగ్గర కుట్టు పక్కనే చీలికలు వస్తాయి. మద్రాసు ఎండకి రేయాన్ మేలు, చెమట పీల్చుకుంటుంది. పాలిస్టర్ జార్జెట్ ఎంత అందంగా వేలాడినా ఇక్కడి మే నెలలో పగలు వేసుకోవడం కష్టమే.

ఛాతీ 36 అంగుళాలైతే టాప్ చుట్టుకొలత 41 నుంచి 42 ఉండాలి. అంతకన్నా తగ్గితే బట్ట వేలాడదు, అంటుకుంటుంది. 44 అంగుళాల పన్నాలో పొడుగు చేతుల టాప్‌కి రెండుంపావు మీటర్లు తీసుకోండి. ఆ పావు మీటరు కుదింపుకీ, మెడకి వేసే క్రాస్ పట్టీకీ, అంటే వాలుగా కోసే పట్టీకీ.

రేయాన్ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, మీటరుకి నాలుగైదు సెంటీమీటర్లు పోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కత్తిరించే ముందే నీళ్లలో నానబెట్టి తీయాలి. కానీ పిండకండి. తడిసిన రేయాన్‌కి బలం దాదాపు సగానికి పడిపోతుంది, మెలిపెడితే పోగులు పక్కకి జరుగుతాయి. టవల్‌లో చుట్టి నొక్కి నీరు తీసి, మంచం మీద అడ్డంగా, మూలలు సూటిగా ఉండేలా ఆరేయండి. తీగ మీద ఒక కొస పట్టుకుని వేలాడదీస్తే ఆ వంకర అలాగే ఆరుతుంది.

అదే తడి మీద మన ఇళ్లలో తెలిసిన ఉపాయం ఒకటుంది: గంజి. లీటరు నీళ్లకి ఒక టేబుల్‌స్పూను సగ్గుబియ్యం పిండి వేసి కాచి, వడగట్టి, చల్లారాక బట్ట ముంచి ఆరేయండి. కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే బట్ట కాగితంలా నిలబడి చెప్పినమాట వింటుంది. కుట్టడం పూర్తయ్యాక ఒక్క ఉతుకుతో గంజి పోతుంది. పాలిస్టర్ జార్జెట్‌కి మాత్రం గంజి సరిగా పట్టదు.

కత్తిరింపు దగ్గర తొందరపడొద్దు. నున్నటి బల్ల మీద జారుడు బట్ట పరిస్తే మీరు చూస్తుండగానే జరిగిపోతుంది. బల్ల మీద పాత కాటన్ దుప్పటి పరవండి. జార్జెట్ అయితే దుప్పటి మీద తెల్ల కాగితం పెట్టి, బట్టనూ కాగితాన్నీ కలిపి కత్తిరించండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. దుకాణంలో కోసిన అంచు సూటిగా ఉందని నమ్మకండి. అడ్డంగా ఒక పేక పోగు పట్టి మెల్లగా లాగితే గీతలా సందు పడుతుంది, ఆ గీత వెంట కోస్తేనే అంచు సూటి అవుతుంది. ఇక బట్టను రెండు మడతలు వేసి కోసే అలవాటు ఇక్కడ మానుకోవాలి. కింది పొర ఎటు జారిందో కనిపించదు. ముందు భాగం, వెనక భాగం రెండింటికీ సగం కాకుండా పూర్తి పేపరు గీసుకుని ఒంటి పొరలోనే కోయండి. పడుగు గీత, అంటే బట్ట నిలువు పోగుల దిక్కు చూపే గీత, పేపరు మీద గీసి, బట్ట నేత అంచు నుంచి ఆ గీత రెండు కొసల దాకా టేపుతో కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. అర అంగుళం తేడా వచ్చినా తొడుక్కున్నాక పక్క కుట్టు ముందుకి తిరుగుతుంది. అది ఉతికినా, ఇస్త్రీ చేసినా సర్దుకోదు.

కోసిన ముక్కను ఎత్తి దులపకండి. నేరుగా మెషీను దగ్గరికి తీసుకెళ్లి మెడ చుట్టూ, అంచుకి ఎనిమిదో వంతు అంగుళం లోపల, ఒక వరస కుట్టు వేయండి. భుజం నుంచి మెడ మధ్యకి ఒకసారి, అవతలి భుజం నుంచి మధ్యకి మరోసారి. ఒకే దిక్కున వేస్తే మెడ ఒక పక్కకి సాగుతుంది. భుజం కుట్టులో పావు అంగుళం వెడల్పు సన్న టేపో, అదే బట్ట అంచు ముక్కో వేసి కుట్టాలి. ఆ ముక్క పొడవు బట్ట మీద కాకుండా పేపరు మీద కొలవండి, బట్ట అప్పటికే సాగి ఉంటుంది.

మెషీనుకి కొత్త సూది పెట్టండి. జాకెట్లకి వాడే 16 నంబరు కాదు. రేయాన్‌కి 11, జార్జెట్‌కి 9. దారం సన్న పాలిస్టర్. కుట్టు పొడవు రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. మొదలుపెట్టేటప్పుడు బట్ట సూది కింది పలక రంధ్రంలోకి దిగిపోతుంటే కింద చిన్న కాగితం ముక్క పెట్టి, దారం కొసలు రెండూ వెనక్కి పట్టుకోండి. కుట్టు పొడవునా ముడతలు పడితే పై దారం బిగుతు ఎక్కువైందనో, దారం మందమనో అర్థం. ముడతలు లేకుండా చివరికి వచ్చేసరికి పై పొర అర అంగుళం మిగిలితే ప్రెషర్ ఫుట్, అంటే బట్టను పైనుంచి నొక్కి పట్టే పాదం, మరీ గట్టిగా అదుముతోందని అర్థం. నల్ల మెషీనులో ఫుట్ కడ్డీ పైన మర ఉంటుంది, దాన్ని ఒకటి రెండు చుట్లు వదులు చేయండి.

పక్క కుట్లకి ఓవర్‌లాక్ కన్నా ఫ్రెంచ్ సీమ్ మంచిది. అర అంగుళం మార్జిన్ వదలండి. ముందు లోపలి వైపులు కలిపి పావు అంగుళంలో కుట్టి, మిగిలిన అంచును సగానికి కత్తిరించి, ఇస్త్రీ పెట్టి, తిప్పి, బయటి వైపులు కలిపి మళ్లీ పావు అంగుళంలో కుట్టాలి. మొదటి కుట్టు తర్వాత కత్తిరించకపోతే బయటికి పోగులు తొంగిచూస్తాయి. టాప్ చెయ్యి (స్లీవ్) మాత్రం పక్క కుట్టు వేయకముందే, బట్ట పరచి ఉండగానే అతికించండి.

మెడకి క్రాస్ పట్టీ ఒకటింపావు అంగుళం వెడల్పు, 45 డిగ్రీల వాలులో కోసింది. నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, మెడ బయటి వైపు నుంచి పావు అంగుళంలో కుట్టాలి. వంపుల్లో పట్టీని వెంట్రుకవాసి లాగండి, సూటిగా ఉన్నచోట అస్సలు లాగొద్దు. ఎక్కువ లాగితే మెడ ముడుచుకుంటుంది, అసలు లాగకపోతే వంగినప్పుడు నోరు తెరుస్తుంది. వంపులో అర అంగుళానికో చిన్న గాటు పెట్టి లోపలికి మడిచి కుట్టేయండి.

ఇస్త్రీ పెట్టెను బట్ట మీద జరపకుండా పైకెత్తి అద్దుతూ పోవాలి. రేయాన్‌కి ఎప్పుడూ లోపలి వైపు, లేకపోతే మెరుపు మచ్చలు పడతాయి.

కింది మడతకి ఒక రోజు ఆగాలి. టాప్‌ను హ్యాంగర్‌కి తగిలించి వదిలేస్తే వాలుగా కోసిన చోట్ల బట్ట దిగుతుంది. మర్నాడు తొడుక్కుని నిలబడితే, ఇంకొకరు నేల నుంచి స్కేలుతో చుట్టూ ఒకే ఎత్తులో చాక్ గుర్తులు పెట్టాలి. గుర్తు దాటి దిగినదాన్ని కోసేసి, పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, ఆ కుట్టు దగ్గరే లోపలికి మడిచి మడత అంచున మరో కుట్టు వేయండి. మిగిలిన అంచు కత్తిరించి ఇంకోసారి మడిచి కుట్టేస్తే సన్నటి మడత వస్తుంది.

గంజి పెట్టిన రేయాన్ ముక్క, పెట్టని ముక్క, జార్జెట్ ముక్క ఈ బల్ల మీద ఉన్నాయి. వరసగా వచ్చి మూడింటినీ ఒక్కసారి కత్తిరించి చూడండి.