చారడేసి కళ్ళు

సభకు నమస్కారం. ఒంట్లో రసాయనిక మార్పులను నడిపే ఎంజైముల గురించి చెప్పమన్నారు; నేను ఒక అన్నప్రాసన దగ్గర మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట మన చెన్నై టి.నగర్‌లో మా బంధువుల ఇంట్లో పాప ముందు పుస్తకం, కలం, బంగారం పరిచారు. "ఎంత చారడేసి కళ్ళో!" అని అందరూ మురిసిపోతున్నారు. పాప మాత్రం వీడియో దీపం పడగానే తల్లి చీరలో మొహం దాచుకుంటోంది. కళ్ళ వెంట ఒకటే నీరు. కాటుక పడలేదని ఒక పెద్దావిడ తేల్చేసింది. దగ్గరికి వెళ్ళి చూస్తే నల్లగుడ్డు మీద ఊదిన అద్దంలా పలచటి మసక.

అది పుట్టుకతో వచ్చే గ్లకోమా. కంటిలో ఊరే నీటిని బయటికి పంపే జల్లెడ సరిగా ఏర్పడక ఒత్తిడి పెరుగుతుంది. పసికందు కంటిగోడ మెత్తన కనుక గుడ్డే సాగుతుంది. వైద్యులు దీనికి పెట్టుకున్న గ్రీకు పేరుకు అర్థం 'ఎద్దు కన్ను'.

ఈ జబ్బు వెనుక తరచుగా ఉండేది సిప్-1బి1 జన్యువని 1997లో తేలింది. అది తయారుచేయించే ఎంజైము సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబానికి చెందింది; ఆ కుటుంబానికి మనిషిలో 57 జన్యువులున్నాయి. వాటిలో పేరుమోసిన ఎంజైములు కాలేయంలో కూర్చుని మనం మింగిన మాత్రల సంగతి చూస్తాయి. సిప్-1బి1 ఎంజైము ఆ బాపతు కాదు. కాలేయంలో దాదాపు కనిపించదు. కంటిలో, రొమ్ములో, గర్భాశయంలో, మూత్రపిండాల్లో ఉంటుంది. అమైనో ఆమ్లాలనే 543 పూసలతో కట్టిన దీని గొలుసులో 368వ చోట ఆర్జినీన్ బదులు హిస్టిడీన్ పడటం మన దేశపు రోగుల్లో తరచుగా కనిపించే లోపం. ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లోనూ కంటి జల్లెడ వంకరగానే ఏర్పడింది.

అలాగని ఇది సాధుజంతువేమీ కాదు. పొగలోని హైడ్రోకార్బన్లను డీఎన్ఏకు అంటుకుని దాన్ని పాడుచేసే రూపంలోకి మార్చేవాటిలో ఇదీ ఒకటి. ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌నూ అలాంటి దారి పట్టిస్తుంది. అనేక రకాల క్యాన్సర్ కణితుల్లో ఇది హెచ్చుగా కనిపిస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 జననాలకు ఒకరికి వచ్చే ఈ గ్లకోమా, ఆంధ్రప్రదేశ్‌లో 3,300కు ఒకరికి వస్తుందని లెక్కగట్టారు. మేనరికాల మాట ఎత్తితే మనవాళ్ళకు కోపం వస్తుంది, తెలుసు. కానీ ఈ జన్యువు నకళ్ళు ప్రతి మనిషికీ రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి; రెండూ పాడైతేనే జబ్బు. తాతగారి దగ్గరి ఒకే పాడైన నకలు అటు కూతురి ఇంటికీ ఇటు కొడుకు ఇంటికీ చేరి, పెళ్ళితో మళ్ళీ కలుసుకుంటే బిడ్డకు రెండూ పాడైనవే దక్కుతాయి. తల్లిదండ్రుల కళ్ళు మాత్రం నిక్షేపంగా ఉంటాయి!

1819లో మొదలైన ఎగ్మూరు కంటి ఆసుపత్రి ఉన్న ఊరు మనది. ఇక్కడ వైద్యానికి కొదవలేదు. పాపకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు కళ్ళజోడుతో బడికి వెళుతోంది.

మొన్న వాళ్ళమ్మ ఫోను చేసింది. ఆమెదీ మేనరికమే. రెండోసారి కడుపుతో ఉంది. నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం అన్నాను.

"అయితే ఒకరికి వచ్చేసిందిగా బాబాయిగారూ, ఇక భయం లేదు కదా?"

"కాదమ్మా, ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. బిడ్డ పుట్టిన వారంలోపే కళ్ళు చూపించు."