ఉంటున్న ఇంటికి వేరే కొలత కావాలి

(కర్నూలులో ఇంటి పన్ను మీద జరిగిన సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉన్నారు. వయసు డెబ్బై ఆరు. పాతబస్తీలో బండలు పరిచిన రెండు గదుల మట్టిమిద్దె ఆమెది, అత్తగారి కాలం నాటిది. మొన్న నన్ను పిలిచి ఒక రేకు డబ్బా చేతిలో పెట్టారు. అందులో ఇంటి పన్ను రసీదులు, ఏ ఏడాదివి ఆ ఏడాదికి దారంతో కట్టి ఉన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి రెండూ ఊరి మీద పడినప్పుడు ఆ డబ్బా కూడా మునిగింది. పాత రసీదుల అంచులకు బురద రంగు ఇంకా వదలలేదు. సిరా చెదిరి కొన్నిటి మీద అంకెలే కనిపించవు. అయినా ఆమె ఒక్కటీ పారేయలేదు. "ఈ ఇల్లు నాదని చెప్పేవి ఇవే కదా నాయనా" అన్నారు.

పన్ను రసీదు హక్కు పత్రం కాదని చట్టం తెలిసినవాళ్లు చెబుతారు. నిజమే. కానీ మన ఊళ్లలో కరెంటు మీటరు పేరు మార్చుకోవాలన్నా, కొళాయి కోసం దరఖాస్తు పెట్టాలన్నా ముందుగా చేతిలోకి తీసుకునే కాగితం అదే. పన్ను ఎగ్గొట్టాలని ఆమెకు ఏనాడూ అనిపించలేదు. ఆమె అడిగింది ఒక్కటే. "నేను కొత్తగా గది వేయలేదు, గోడ జరపలేదు. పన్ను మాత్రం ఏటా ఎందుకు పెరుగుతోంది?"

నేను లెక్కలు చెప్పి బతికినవాడిని. ఆ ప్రశ్నను లెక్కగానే చేసి చూపిస్తాను.

2021 మార్చి వరకు మన ఇంటి పన్నుకు ఆధారం అద్దె. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందని అంచనా కట్టి, దాని మీద పన్ను వేసేవారు. ఇల్లు పాతబడేకొద్దీ తరుగు తీసేసేవారు. యజమాని తానే కాపురం ఉంటే ఆ తరుగుతో కలిపి 40 శాతం తగ్గింపు ఉండేది. ఆ తగ్గింపు వెనుక ఒక న్యాయం ఉంది. తన ఇంట్లో తాను ఉండేవాడికి ఆ ఇంటి నుంచి చేతికి రూపాయి రాదు.

2020 నవంబరులో మన రాష్ట్రం మున్సిపల్ చట్టాలను సవరించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి పన్నుకు ఆధారం అద్దె కాదు, ఆస్తి మూలధన విలువ. రిజిస్ట్రేషన్ శాఖ ఖరారు చేసిన మార్కెట్ ధర ప్రకారం స్థలానికి ఒక విలువ, కట్టడానికి ఒక విలువ కట్టి కలుపుతారు. ఆ మొత్తం మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వేసుకోవచ్చు. 20 లక్షల విలువ కట్టిన ఇంటికి కింది రేటున ఏడాదికి 2,000 రూపాయలు, పై రేటున 10,000.

ఇది ఎందుకు వచ్చిందో కూడా తెలియాలి. కరోనా ఏడాదిలో కేంద్రం రాష్ట్రాల అప్పుల పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. ఆ పెంపులో కొంత భాగానికి సంస్కరణల షరతు పెట్టింది. పట్టణాల ఆస్తి పన్నును మార్కెట్ ధరలతో ముడిపెట్టడం అందులో ఒకటి. ఆ షరతులు ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. అందుకు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. మన వీధిలో ఇంటి పన్ను మారడానికి ఢిల్లీలో వేసిన అప్పుల లెక్క ఒక కారణమైందంటే, ఆ మాట ఇంటి యజమానులకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. 2021లో రాష్ట్రమంతటా జరిగిన నిరసనల్లో సగం కోపం ఈ చెప్పకపోవడం మీదేనని నా నమ్మకం.

అలాగని పాత పద్ధతే బంగారం అని నేను అనను. ఇళ్ల పన్నుకు 2002 తర్వాత, దుకాణాలకు 2007 తర్వాత 2021 దాకా సవరణే జరగలేదు. ఇన్నేళ్లలో ఊరు ఎంత పెరిగిందో మీరంతా చూశారు. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీలో నీళ్లు అడుగంటిన వేసవిలో మునగాలపాడు ట్యాంకు మీద ఆధారపడే ఊరు మనది. గొట్టాలకు, మోటార్లకు, కాలువలకు డబ్బు కావాలి. అది మన దగ్గర నుంచే రావాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఇక పెద్దమ్మ ఇంటికి వద్దాం. ఆమె మిద్దెకు కట్టే విలువ తక్కువే. బరువంతా స్థలానిదే. ఆ సందు చివర రోడ్డు వెడల్పయింది, అంగళ్లు వచ్చాయి, గజం ధర ఎక్కడికో పోయింది. ఆ ధర ఆమెకు ఎప్పుడు అందుతుంది? ఇల్లు అమ్మిన రోజు. ఆమె అమ్మదు. అమ్మి ఎక్కడికి పోతుంది? అమ్మని మనిషి దగ్గర అమ్మకపు ధర లెక్కన పన్ను అడుగుతున్నాం. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక్కసారిగా మోయలేని బరువు పడకూడదని ఏటా 15 శాతానికి మించి పెంచకూడదన్న హద్దు పెట్టారు. వినడానికి చిన్న అంకె. వెయ్యి రూపాయల పన్ను తీసుకోండి. మొదటి ఏడు 1,150. తర్వాత 1,322, 1,521, 1,749. ఐదో ఏడు 2,011. పూర్తి పన్ను చేరేదాకా ఈ మెట్లు ఎక్కుతూ పోవాల్సిన ఇళ్లకు ఐదేళ్లలో పన్ను రెట్టింపు. పెద్దమ్మ చేతికి వచ్చే డబ్బు ఐదేళ్లలో రెట్టింపు కాలేదు.

375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే ఉంటే ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్న నిబంధన ఉంది. మంచి నిబంధన. కానీ ఆమె వసారాతో కలిపి కొలిస్తే ఇల్లు 400 దాటుతుంది. గీతకు ఇవతల 50 రూపాయలు, అవతల పూర్తి లెక్క. పేదరికాన్ని చదరపు అడుగులతో కొలిస్తే ఇలాగే జరుగుతుంది. ముంబయిలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు పన్ను ఎత్తేశారు. అక్కడా గీత గీతే.

మనకు తెలిసిన మరో ఉపశమనం వడ్డీ మాఫీ. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఆర్థిక సంవత్సరం చివర్లో ఆ వడ్డీలో సగమో మొత్తమో తగ్గిస్తామని ప్రకటన వస్తుంది. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టినవాళ్లకు దక్కేది 5 శాతం రాయితీ. ఏళ్లకు ఏళ్లు కట్టనివాళ్లకు దక్కేది అంతకంటే చాలా ఎక్కువ. ఏటా దాచిన డబ్బులు ముడి విప్పి కట్టే పెద్దమ్మకు ఈ మాఫీలో పైసా లాభం లేదు. దీన్ని ఇంటి యజమానులకు ఊరట అనడం నేను ఒప్పుకోను.

మరి ఏం చేయాలి? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 55 ఏళ్లు దాటిన ఇంటి యజమాని పన్నును వాయిదా వేయమని అడగవచ్చు. ఆ పన్నును ప్రభుత్వమే మున్సిపాలిటీకి కట్టేస్తుంది. ఇల్లు అమ్మినప్పుడు వడ్డీతో రాబట్టుకుంటుంది. ఊరి రాబడి ఆగదు, ముసలివాళ్లు ఇల్లు వదలరు. మన దగ్గరా పన్ను బకాయికి ఆ ఆస్తి మీద మొదటి హక్కు ఉంది కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదు. అరవై దాటి, తాము కాపురమున్న ఒక్క ఇల్లు తప్ప వేరే ఆస్తి లేనివాళ్లకు పెరిగిన భాగాన్ని అలా వాయిదా వేయాలి. దానితోపాటు సొంతంగా ఉండేవాళ్లకు పాత చట్టంలో ఉన్న తగ్గింపును కొత్త లెక్కలోకి తిరిగి తేవాలి.

అందరికీ ఒకే కళ్లెం వేసి పన్ను ఆపేద్దామనే మాట కూడా వినిపిస్తోంది. కాలిఫోర్నియా 1978లో ఆ పని చేసింది. పన్ను 1 శాతం దాటకూడదని, ఆస్తి విలువ అంచనా ఏటా 2 శాతానికి మించి పెరగకూడదని, చేతులు మారినప్పుడే కొత్త విలువ కట్టాలని ఓటు వేసి తెచ్చుకున్నారు. ముసలివాళ్ల ఇళ్లు నిలిచాయి. కానీ ఒకే వీధిలో ఒకేలాంటి రెండు ఇళ్లకు పన్నుల్లో ఎన్నో రెట్ల తేడా వచ్చింది. ఆ హద్దు వ్యాపార ఆస్తులకూ వర్తించింది. మనకు అది వద్దు.

ఈ వాయిదాతో, తగ్గింపుతో ఇప్పటికి తగ్గే రాబడి ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. కింద అంగడి, పైన హాస్టల్, రికార్డులో మాత్రం నివాసం. ఇలాంటి భవనాలు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. రెండంతస్తులకు పన్ను కట్టి నాలుగంతస్తులు లేపినవీ ఉన్నాయి. ముందు వాటిని కొలవాలి.

ఒక చిన్న మాట, దారి తప్పినా చెప్పి తీరాలి. మీరు కట్టే ప్రతి రూపాయి పన్ను మీద 8 పైసలు గ్రంథాలయాల కోసం సెస్సుగా వసూలవుతుంది. చదువుకునే పిల్లల కుర్చీ, పత్రిక, ఫ్యాను ఆ పైసల్లోంచి రావాలి. వసూలైనది వసూలైనట్టు గ్రంథాలయ సంస్థకు చేరుతోందా అని అడిగే హక్కు మనందరికీ ఉంది. అడగండి.

నోటీసులు తెచ్చుకోమని చెప్పాను, చాలామంది తెచ్చినట్టున్నారు. బయటికి తీయండి. ముందు విస్తీర్ణం అని ఉన్న చోట వేలు పెట్టండి. తర్వాత ఇంట్లో ఎవరుంటున్నారని రాశారో చూడండి, యజమానా, అద్దెదారా. కొలత తప్పుగా ఉన్నవాళ్లు ఇటు వైపు బల్ల దగ్గరికి రండి. అర్జీ కాగితాలు అక్కడ ఉన్నాయి. పెద్దమ్మ అర్జీ నేను ఉదయమే రాశాను, టేపు పట్టి వసారా కొలిచి మరీ.