ఆ తెర మాకూ కావాలి

(గుంటూరులో వయోధికుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంకా ఎండ తగ్గకుండానే బ్రాడీపేట నుంచి, పట్టాభిపురం నుంచి, కొరిటెపాడు నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. విమాన ప్రయాణంలో వైద్య పరికరాలు, పెద్దవాళ్ళు తీసుకోవలసిన జాగ్రత్తలు అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. మనలో సగం మంది పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. గన్నవరం వెళ్ళి విమానం ఎక్కడం మనకిప్పుడు తెనాలి వెళ్ళి రైలెక్కినంత మామూలైపోయింది.

నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్ళు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసినవాణ్ణి. నేను పడినవి, వాకబు చేసి తెలుసుకున్నవి మాత్రమే చెబుతాను.

ముందు పేస్‌మేకర్, అంటే గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే చిన్న పరికరం. 1958లో స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలో మొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ పెట్టారు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన మారుస్తూ మారుస్తూ మొత్తం ఇరవై ఆరు వాడి, 86 ఏళ్ళు బతికాడు. కాబట్టి పేస్‌మేకర్ ఉందని ప్రయాణం మానుకోవద్దు. లోహాన్ని పసిగట్టే గేటు గుండా మామూలుగా నడిచి వెళ్ళిపోండి. అక్కడ ఆగొద్దు, ఆనుకోవద్దు. చేత్తో పట్టుకునే డిటెక్టర్‌ని పేస్‌మేకర్ ఉన్నచోట ఆపి ఉంచవద్దని చెప్పండి. దాని బదులు చేత్తో తడిమి చూడమని అడగొచ్చు. ఆస్పత్రివాళ్ళిచ్చిన కార్డు జేబులో ఉండాలి, బీరువాలో కాదు.

ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేయకండి. విమానం కింది అరలో చలికి గడ్డకడితే అది ఇక పనికిరాదు. ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళు దాన్ని ఎక్స్‌రే బెల్టు మీద పెట్టేముందు కంపెనీవాళ్ళు ఏం చెప్పారో చూసుకోండి. కొన్ని రకాలను ఎక్స్‌రేలోకీ, ఒళ్ళంతా చూసే స్కానర్‌లోకీ తీసుకెళ్ళొద్దంటారు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

ఇలా మూడు పేజీలు రాసుకొచ్చాను. మిగతాది చదవాలనిపించడం లేదు. అధ్యక్షుల వారు క్షమించాలి. నేను ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నది వేరే మాట కోసం.

నా పొట్ట మీద ఒక సంచి ఉంది.

మా ఆవిడకు, పిల్లలకు, డాక్టర్లకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. 2019లో పెద్దపేగు చివర కేన్సర్ అన్నారు. ఆ భాగం తీసేసి, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. కొలోస్టమీ అంటారు. ఇక దొడ్డికి దారి అదే. మన అదుపులో ఉండదు, ఎప్పుడొస్తే అప్పుడే. అందుకని అక్కడ ఒక ప్లాస్టిక్ సంచి అంటించుకోవాలి. సగం నిండకముందే ఖాళీ చేసుకోవాలి. మొదటి నెల నేను అద్దంలో చూసుకోలేదు. తర్వాత అలవాటైంది. మీలో ఎంతమంది పక్కన పెళ్ళిళ్ళలో కూర్చుని భోంచేశానో, ఎవరికీ తెలియలేదు.

మనవడి అన్నప్రాసనకు విమానంలో వెళ్ళాం. ఏ ఊరి విమానాశ్రయమో చెప్పను. గేటు మోగలేదు. మోగదు కూడా, సంచి ప్లాస్టిక్. కానీ ఆ చిన్న పీట ఎక్కి చేతులు చాపి నిలబడ్డాక, తనిఖీ చేసే కుర్రాడి చెయ్యి పొట్ట దగ్గర ఆగింది. 'యే క్యా హై?' అన్నాడు. నాకు హిందీ అంతంతమాత్రం. 'ఆపరేషన్, ఆపరేషన్' అన్నాను. చొక్కా ఎత్తమన్నాడు. వెనక నలభై మంది ఉన్నారు. నా అల్లుడు ఉన్నాడు. ఎత్తాను. అతను ఇంకొకతన్ని పిలిచాడు. ఆ వచ్చినతను వేలితో నొక్కి చూశాడు. యార్డులో టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, చెయ్యి పెట్టి కాయ నొక్కి చూస్తారే, అలాగ. ఒక అంచు ఊడింది.

వాసన వచ్చింది. లైన్లో ఒక అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లను నేను తప్పుపట్టను.

బాత్‌రూమ్‌లో గంటసేపు కడుక్కున్నాను. వేరే చొక్కా పెద్ద పెట్టెలో వెళ్ళిపోయింది. అల్లుడు తన చొక్కా విప్పి నాకిచ్చి, తాను బనియన్ మీద స్వెట్టర్ వేసుకున్నాడు. ఆ రోజు గురించి మేమిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు.

భద్రత వద్దని నేను అనడం లేదు. పొట్ట దగ్గర ఏదో ఉంటే చూడాల్సిందే. చూడకపోతే అతను ఉద్యోగం చేయనట్టే. నా బాధ ఒక్కటే. మన విమానాశ్రయాల్లో ఆడవాళ్ళను తనిఖీ చేయడానికి తెర కట్టిన చిన్న గది ఉంటుంది, లోపల ఆడ ఉద్యోగి ఉంటుంది. ఉండాల్సిందే. మగవాణ్ణి మాత్రం అందరి ముందు పీట మీద నిలబెడతారు. మగవాడికి సిగ్గుండదా? మూత్రపు సంచి కట్టుకున్నవాళ్ళున్నారు, ప్రొస్టేట్ ఆపరేషన్ అయి డైపరు వేసుకున్నవాళ్ళున్నారు. ఈ హాల్లో కూడా ఉండొచ్చు. చెయ్యెత్తమని అడగను. మీకు తెలుసు, నాకు తెలుసు.

ఇది నా ఒక్కడికే జరగలేదు. 2010 నవంబరులో అమెరికాలో డెట్రాయిట్ విమానాశ్రయంలో ఒక రిటైర్డ్ టీచరుకు ఇదే జరిగింది. మూత్రాశయ కేన్సర్ నుంచి బయటపడిన మనిషి. తడిమేటప్పుడు సంచి సీలు ఊడి బట్టలన్నీ తడిశాయి. అక్కడి విమానాశ్రయాల భద్రత చూసే టీఎస్ఏ అనే సంస్థ అధిపతి ఆయనకు క్షమాపణ చెప్పారు. మన దగ్గర, మయూరి సినిమాలో తన కథలో తానే నటించిన సుధా చంద్రన్ గారు గుర్తున్నారు కదా. కృత్రిమ కాలితో నాట్యం చేసి దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి. ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో కాలు తీసి చూపించమంటున్నారని 2021లో ప్రధానమంత్రికి వీడియోలో మొరపెట్టుకున్నారు. మన విమానాశ్రయాల్లో తనిఖీ చేసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ వాళ్ళు క్షమాపణ చెప్పారు. ఆమె కాబట్టి దేశం విన్నది. కమీషన్ కొట్టు గుమాస్తా చెబితే ఎవరు వింటారు? మీరు వినాలి.

అమెరికాలో ఇప్పుడు ఎలా చేస్తారో చూడండి. సంచి విప్పమనరు, ఖాళీ చేయమనరు. బట్టల మీద నుంచే మన చేత్తో మనల్నే దాన్ని తడుముకోమని, ఆ తర్వాత మన చేతులు తుడిచి, పేలుడు పదార్థం ఆనవాళ్ళు ఉన్నాయేమో పరీక్షిస్తారు. చాటుగా చూడమని అడిగితే వేరే గదికి తీసుకెళ్తారు. ప్రయాణానికి 72 గంటల ముందు ఆ టీఎస్ఏ వాళ్ళ టీఎస్ఏ కేర్స్ అనే విభాగానికి ఫోన్ చేస్తే సాయం ఏర్పాటు చేస్తారు. పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇది రాసుకోండి. తనిఖీ తనిఖీలాగే జరుగుతుంది, మనిషి మానం మనిషికి మిగులుతుంది.

సంచి ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పైకి వెళ్ళాక గాలి ఒత్తిడి తగ్గి సంచి ఉబ్బుతుంది. ఎక్కేముందే ఖాళీ చేసుకోండి. కావలసినవాటికి రెట్టింపు సంచులు, ఒక జత బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. సంచిని ఒంటికి అంటించే ప్లేట్లకు రంధ్రాలు ఇంట్లోనే కత్తిరించుకు వెళ్ళండి, కత్తెర తీసేసుకోవచ్చు.

ఆ రోజు నాకు హిందీ మాట దొరకలేదు. మా అమ్మాయి చేత తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో ఒక చిన్న కార్డు రాయించాను. 'నాకు పొట్ట ఆపరేషన్ అయింది. ఒంటి మీద వైద్య సంచి ఉంది. దయచేసి చాటుగా తనిఖీ చేయండి.' అంతే. వంద కాపీలు తెచ్చాను, గుమ్మం దగ్గర పెట్టాను. అడిగి తీసుకోనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు జేబులో వేసుకోండి, నేను చూడను.

గన్నవరం విమానాశ్రయం డైరెక్టరు గారికి ఒక ఉత్తరం రాశాను. కోరింది ఒక్కటే, మగవాళ్ళ వైపు కూడా, అడిగినవాళ్ళ కోసం, ఒక తెర. ఇందులో నా పేరు, నాకున్న జబ్బు దాచకుండా రాశాను. కింద ఒక్క సంతకమే ఉంది. ఉత్తరం ఈ బల్ల మీదే ఉంది, పక్కనే పెన్ను పెట్టాను.