బోరకాయ్: గీత గీయాల్సింది ఎక్కడ?

అందరికీ నమస్కారం. దీవుల్లో పర్యాటకం గురించి మాట్లాడమన్నారు. నేను ఫిలిప్పీన్స్‌లోని బోరకాయ్ ఒక్కదాని గురించే చెబుతాను.

దీవి మొత్తం సుమారు పది చదరపు కిలోమీటర్లు. 2017లో అక్కడికి దాదాపు 20 లక్షల మంది వచ్చారు. అందరూ వచ్చింది నాలుగు కిలోమీటర్ల తెల్ల ఇసుక కోసం. దీవికి అవతలి పక్క బులబోగ్ ఒడ్డున ఇసుక తవ్వితే గొట్టాలు బయటపడ్డాయి. వాటిగుండా మురుగు నేరుగా సముద్రంలోకే! చిత్తడి నేలల్ని పూడ్చి మేడలు లేపారు. వాన నీటికి పోయే దారి లేక వీధులు మునిగేవి.

2018 ఏప్రిల్ 26న ప్రభుత్వం దీవిని పర్యాటకులకు మూసేసింది. ఆరు నెలల తర్వాత, అక్టోబరు 26న తెరిచింది. ఈలోగా ఒడ్డు నుంచి 30 మీటర్ల లోపు ఉన్న కట్టడాలను తొలగించడం మొదలైంది. ఏ సమయంలోనైనా పర్యాటకులు 19,215 మందికి మించకూడదని, రోజుకు కొత్తగా 6,405 మందికి మించి రాకూడదని లెక్క తేల్చారు.

మూసేయడం అవసరమే, కాదనను. కానీ ఆ ఆర్నెల్లూ ఎవరు నలిగారు? మురుగు వదిలిన హోటల్ యజమానికి వెనకేసుకున్న డబ్బుంటుంది. గదులు ఊడ్చే అమ్మాయికి, పడవ నడిపే మనిషికి ఏముంటుంది? వేల మందికి పని పోయింది. చేసింది ఒకరు, అనుభవించింది మరొకరు. అనుమతులు ఇచ్చేటప్పుడే ఎవరైనా గట్టిగా వద్దని ఉంటే వీళ్లకు ఈ గతి పట్టేది కాదు.

ఇక ఆ పర్యాటకుల లెక్క సంగతి. దీవికి వెళ్లే జనమంతా దాదాపుగా కాటిక్లాన్ రేవులోనే పడవ ఎక్కుతారు కాబట్టి లెక్కపెట్టడం తేలికే. అయినా 2022లో ఈస్టరు ముందు వారం ఆ పరిమితి దాటిపోయింది. దాటదా మరి? గదులుంటే వాటిని నింపాలనే చూస్తారు. రేవులో మనుషుల్ని ఆపడం కంటే ముందు, కొత్త గదికి అనుమతి అడిగిన రోజునే ఆపాలి. మురుగు శుద్ధి ఎంతమందికి సరిపోతుందో అన్ని పడకలే ఉండాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే.

ఇంకో మాట. ఆ దీవిలో అందరికంటే ముందునుంచీ ఉంటున్నది ఆతి తెగవాళ్లు. 2018 నవంబరులో వాళ్లకు కొంత భూమికి పట్టాలిచ్చారు. తర్వాత కొన్ని పట్టాలను ప్రభుత్వమే రద్దు చేసింది. దీవిని బాగుచేస్తున్నామని చెప్పేవాళ్లు ముందు ఆ పట్టాలు తిరిగి ఇవ్వాలి.