ఏసీ పిల్లలు ఎండకి ఆగలేరా? స్టూడియో చర్చ, ఉన్నది ఉన్నట్టు

ఒక ప్రైవేటు స్కూల్లో ప్రేయర్ టైమ్‌కి ఎండలో నిలబెట్టిన పిల్లలు కొందరు కళ్లు తిరిగి పడిపోయిన వీడియో ఈమధ్య ఫోన్లలో తెగ తిరిగింది. చూసినోళ్లందరిదీ ఒకటే మాట, మా రోజుల్లో ఇలా లేదని. దాని మీద జరిగిన చర్చ ఇది. ఎక్కడా సర్దలేదు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట అలాగే వదిలేశాను. మధ్యలో డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు, దానికోసమే ఓపిగ్గా మొత్తం టైప్ చేశాను.

యాంకర్: నమస్కారం. ఒంటిపూట బడులు పెట్టారు, అయినా పొద్దున్నే పిల్లలు పడిపోతున్నారు. సౌకర్యాలు ఎక్కువై ఈ తరంలో గట్టిదనం తగ్గిపోయిందా? అమ్మానాన్నల గారాబమే కారణమా? మనతో పల్నాడులో 31 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరైన మాస్టారు ఉన్నారు, పిల్లల డాక్టర్ ఉన్నారు, కూకట్‌పల్లి నుంచి ఇద్దరు పిల్లల తల్లి, ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు, ఇంకా ఫుడ్ డెలివరీ చేసే సూర్యాపేట తమ్ముడు. నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను. మాస్టారూ, మీరు మొదలుపెట్టండి.

మాస్టారు: సమానంగానే ఇవ్వండి, కానీ నన్ను మధ్యలో ఆపొద్దు. మాది రెంటచింతల పక్క ఊరండీ. రెంటచింతల ఎండంటే చెప్పక్కర్లేదు. అక్కడ మేం కాళ్లకి చెప్పుల్లేకుండా నాలుగు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకెళ్లాం, మధ్యాహ్నం రెండింటికి కబడ్డీ ఆడాం, దాహమేస్తే చెరువులో దోసిలి పట్టి తాగాం. ఎవడూ పడిపోలా. ఇప్పుడు పిల్లోడు ఏసీలో లేస్తాడు, ఏసీ బస్సెక్కుతాడు, ఏసీ క్లాసులో కూర్చుంటాడు, అసలు కాలేజీ బోర్డుల మీద ఏసీ క్యాంపస్ అనే కదా పెద్దక్షరాలతో రాస్తున్నారు, చదువు ఎలా చెప్తారో కింద చిన్నక్షరాల్లో. వాడికి పది నిమిషాలు ఎండ తగిలితే కుండీలో మొక్క వాడినట్టు వాడిపోతాడు.

డాక్టర్: ఒక్క నిమిషం మాస్టారూ, ఎవరూ పడిపోలేదంటే...

మాస్టారు: నన్ను పూర్తి చెయ్యనివ్వండమ్మా. నా సర్వీసు మొదట్లో పిల్లలు చెట్టెక్కేవాళ్లు, దెబ్బ తగిలితే పసుపో పలకాకో పెట్టుకుని మళ్లీ ఆటకొచ్చేవాళ్లు. చివర్లో ఎలా అయిందంటే మోకాలు కొట్టుకుపోతే ముందు వాళ్లమ్మ ఫోను, ఆ తర్వాత వాళ్ల నాన్న, ఆ తర్వాత హెడ్మాస్టారి గదిలో పంచాయితీ.

యాంకర్: అదే, తల్లిదండ్రులు! మేడమ్, మీరు చెప్పండి, గారాబం ఎక్కువైందా, అవునా కాదా?

తల్లి: అవునూ కాదూ అని చెప్పే విషయమా ఇది? నా కూతుర్ని స్కూలుకి నడిపించాలనే నాకూ ఉంది. స్కూలు కిలోమీటరున్నర. ఫుట్‌పాత్ ఎక్కడుందండీ? ఉన్నచోట బండ్లు పెట్టుంటాయి, లేదా తవ్వి వదిలేసుంటారు, పక్కనే బస్సులు రాసుకుంటూ పోతాయి. బస్సెక్కించకుండా ఏం చెయ్యను? దాన్ని గారాబం అంటే నాకు బాధేస్తుంది.

మాస్టారు: మేం పొలం గట్ల మీద పాముల మధ్య నడిచాం తల్లీ.

తల్లి: పాము హారన్ కొట్టుకుంటూ ఎనభై స్పీడులో రాదు కదండీ!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, వినపడలేదు)

డాక్టర్: నేను చెప్తాను. 2015 మే నెల గుర్తుందా మీకు? వడగాడ్పులకి ఒక్క ఆంధ్రలోనే వెయ్యి మందికి పైన పోయారు, తెలంగాణలో వందల్లో పోయారు. వాళ్లలో ఏసీ పిల్లలు ఎంతమంది? ఎక్కువగా ఎండలో కూలికెళ్లినవాళ్లు, పెద్దవయసు వాళ్లు. జీవితమంతా ఎండలో కష్టపడ్డ మనుషులే. వాళ్లకి గట్టిదనం లేదంటారా? ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తెలివి తప్పితే అది వడదెబ్బ, ప్రాణం మీదకొచ్చినట్టే. అక్కడ ఎంత మొండివాడైనా ఒకటే.

యాంకర్: కానీ డాక్టర్ గారూ, ఏసీలో పెరిగిన పిల్లాడికీ బయట తిరిగే పిల్లాడికీ తేడా ఉంటుందా ఉండదా?

డాక్టర్: ఉంటుంది, లేదనను. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, రోజూ కొంచెం కొంచెం ఎండలో కదిలితే చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. కానీ అది ఈ తరం ఆ తరం అని కాదు, రేపు మాస్టారు నెలా రెండు నెలలు ఏసీలో కూర్చున్నా ఆ అలవాటు...

మాస్టారు: విన్నారా! డాక్టరమ్మే చెప్పారు, తేడా ఉందని.

డాక్టర్: నేను చెప్పింది పూర్తిగా...

మాస్టారు: తేడా ఉందన్నారు, చాలు. నేను ఇందాకట్నుంచి మొత్తుకునేది అదే. అలవాటు చెయ్యాలి. చిన్నప్పట్నుంచి ఎండలో తిప్పాలి, మట్టిలో పొర్లనివ్వాలి, చద్దన్నం పెట్టాలి.

యాంకర్: చద్దన్నం! అసలు ఇప్పుడు పిల్లలు చద్దన్నం తింటున్నారా?

తల్లి: మా వాడు తింటాడండీ, పెరుగూ ఉల్లిపాయా వేసి. ఏసీ గదిలో కూర్చునే తింటాడు.

మాస్టారు: మా నాయనమ్మ తరవాణి కుండ పెట్టేది, ఎండాకాలమంతా అదే మాకు మందు. ఇప్పుడు రెండు నిమిషాల నూడుల్సు...

(తరవాణి కుండలో ఏం వేస్తారు, అంబలి మంచిదా తరవాణి మంచిదా అని ఐదు నిమిషాలు నడిచింది, అది రాయట్లేదు)

యాంకర్: తమ్ముడూ, నువ్వు ఇప్పటిదాకా మాట్లాడలేదు. నీ వయసు వాళ్లు సుకుమారంగా తయారయ్యారంటున్నారు మాస్టారు.

డెలివరీ తమ్ముడు: సార్ పెద్దమనిషి, ఎదురు మాట్లాడుతున్న అనుకోవద్దు. నేను పొద్దుగాల పదింటికి బండి స్టార్ట్ చేస్తే రాత్రి పదకొండయితది. మే నెలల మధ్యాహ్నం హెల్మెట్ లోపల తల ఉడికిపోతది, సిగ్నల్ కాడ ఆగితే కిందికెల్లి తారు వేడి, ముంగట బస్సు పొగ. నీడకు కూసుందామంటే హోటల్ ముంగట నిలబడనియ్యరు. లిఫ్ట్ వాడొద్దని బోర్డు పెట్టిన అపార్ట్‌మెంట్లున్నయ్, ఐదంతస్తులు ఎక్కుతం. నా అసొంటోళ్లు ఈ పట్నంల ఎంతమంది లేరు? మేం ఈ తరపోళ్లం కామా సార్? మీరు లెక్కపెట్టేటప్పుడు మమ్ముల ఎందుకు లెక్కల ఏస్తలేరు?

మాస్టారు: నిన్ను అనట్లేదు నాయనా, నువ్వు కష్టం తెలిసినోడివి.

డెలివరీ తమ్ముడు: ఇంకొకటి సార్. కష్టం మనిషిని గట్టిగ చేస్తదంటున్నరు కదా, మా అమ్మమ్మోళ్లది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి తాగి ఆమె నడుము వంగిపోయింది, మోకాళ్లు మడవరాలే, పండుకున్నా ఒకపక్కకే. ఆమె కంటే గట్టి మనిషిని నేను సూడలే. కానీ ఆ నీళ్లు ఆమెను గట్టిగ చెయ్యలే సార్, ఇరగ్గొట్టినయ్.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

డాక్టర్: ఇందాక చెరువు నీళ్లన్నారు. దిగుడుబావుల్లో, చెరువుల్లో తాగే రోజుల్లో నారికురుపు ఉండేది, కాలి నుంచి పురుగు బయటికి రావడం మన పెద్దవాళ్లు చూశారు. దేశంలో ఆఖరి కేసు 1996లో, 2000లో అది పోయిందని ప్రకటించారు. అది పోయింది మనం మొండిగా ఉన్నందుకు కాదు, మంచి నీళ్లొచ్చి, వడగట్టుకుని తాగడం నేర్చుకున్నందుకు. మాస్టారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మగారికి ఎంతమంది పుట్టారు?

మాస్టారు: ఎనిమిది మందిమి.

డాక్టర్: ఎంతమంది మిగిలారు?

మాస్టారు: (ఆగి) ఐదుగురం. ఒక చెల్లి వాంతులూ విరేచనాలతో పోయింది. ఇంకో ఇద్దరు... నాకు ఊహ తెలీక ముందే.

డాక్టర్: 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఇప్పుడు 30 లోపే. ఎవరూ పడిపోలేదని మీరంటున్నారు, పడిపోయినవాళ్లు ఈ స్టూడియోకి వచ్చి చెప్పలేరు కదండీ. ఇప్పుడు బలహీనంగా పుట్టిన పిల్లాడు కూడా బతుకుతున్నాడు, స్కూలుకెళ్తున్నాడు, ఆ ప్రేయర్ లైన్లో నిలబడుతున్నాడు. వాణ్ణి చూసి ఈ తరం మెత్తబడిందంటే నేను ఒప్పుకోను.

యాంకర్: చాలా లోతైన మాట. అయినా నా ప్రశ్న అక్కడే ఉంది, తల్లిదండ్రులు...

మాస్టారు: (గొంతు పెంచి) నా చెల్లి సంగతి వేరండీ! మందులు వద్దని ఎవడన్నాడు? మంచినీళ్లు వద్దని ఎవడన్నాడు? నేనంటున్నది మనసు గురించి. మాలావత్ పూర్ణని చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల, గిరిజనుల పిల్ల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు కూడా నిండలా! ఏసీలో పెరిగిందా? కష్టంలో పెరిగింది!

తల్లి: ఆ అమ్మాయి గురుకులంలో చదివింది మాస్టారూ. మూడు పూటలా తిండి పెట్టారు, భువనగిరి గుట్ట మీద నేర్పించారు, కొండలకి తీసుకెళ్లి ట్రైనింగ్ ఇచ్చారు, బూట్లూ ఆక్సిజనూ ఇచ్చి పంపారు. కష్టాల్లోనే వదిలేసి ఉంటే ఎక్కేదా? పాకాలలో పూర్ణ కంటే ముందు కష్టపడ్డ పిల్లలు లేరా?

మాస్టారు: దమ్ము లేకపోతే బూట్లు ఎక్కుతాయా కొండ?

డెలివరీ తమ్ముడు: రెండూ ఉండాలె సార్, నేను అదే...

మాస్టారు: నేను ముప్పై ఒక్కేళ్లు చూశానయ్యా! ఎండ తెలిసిన పిల్లోడు వేరు, తెలియని పిల్లోడు వేరు. వంద సార్లు చెప్తా ఇదే. దానికి తోడు ఆటల పీరియడ్ ఏదండీ? టైమ్‌టేబుల్లో ఉంటుంది, డిసెంబరు వచ్చేసరికి లెక్కల మాస్టారు లాక్కుంటాడు. అపార్ట్‌మెంటులో స్కూలు పెడతారు, గ్రౌండ్ అంటే సెల్లార్. పరిగెత్తించమంటే ఎక్కడ పరిగెత్తించను, కార్ల మధ్యనా?

డాక్టర్: ఇప్పుడు మీరన్నది నేను ఒప్పుకుంటా. పిల్లలకి రోజుకి కనీసం గంట ఒళ్లు వంగే ఆట కావాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అదే. అయితే అది పిల్లల తప్పెలా అవుతుంది?

తల్లి: గారాబం తప్పు కూడా కాదు.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్క మాటలో, తల్లిదండ్రులు కాస్త కఠినంగా ఉండాలా వద్దా? మేడమ్?

తల్లి: ఒక్క మాటలో చెప్పను.

యాంకర్: డాక్టర్ గారూ?

డాక్టర్: ఎండలో ఆడనివ్వండి, పొద్దున్నో సాయంత్రమో. నీళ్లు తాగనివ్వండి. తల తిరుగుతోందని పిల్లాడు చెప్తే నటిస్తున్నాడనుకోకండి, ఆ వీడియోలో జరిగింది...

యాంకర్: థాంక్యూ. మాస్టారూ, చివరి మాట మీదే.

మాస్టారు: పొద్దున ఐదున్నరకి లేపండి. ఫోను లాక్కోండి. గ్రౌండ్‌కి తీసుకెళ్లండి. మూడు నెలలు నాకివ్వండి, ఏ పిల్లోడైనా సరే ఇనుములా తయారు చేసి పంపిస్తా!

యాంకర్: అద్భుతం. మాస్టారి మాటతో...

తల్లి: ఏ గ్రౌండ్‌కి మాస్టారూ? మా ఏరియాలో ఉంటే చెప్పండి, రేపే పంపిస్తా.

డెలివరీ తమ్ముడు: అన్నా, నాకు ఒక్క నిమిషం...

యాంకర్: సారీ తమ్ముడూ, టైమ్ లేదు. చిన్న బ్రేక్.